ఎండు చేపలు సిలబస్‌లో లేవు

మా బడిలో పుస్తకాలు చదవరు, గీస్తారు. నమ్మకపోతే మా సైన్సు సార్ దేవేందర్ క్లాసు ఒకసారి వచ్చి చూడండి. మంచాల ఊరి నుంచి పొద్దున బస్సులో వచ్చి, సంచి కుర్చీకి తగిలించి, "పేజీ తియ్యుండ్రి" అంటాడు. పిల్లలు పేజీతో పాటు పెన్సిలు కూడా తీస్తారు. "పైకెల్లి నాలుగో లైను. గాడ బ్రాకెట్ పెట్టుండ్రి. కింద బొమ్మ మీది లైను కాడ బంద్ చెయ్యుండ్రి. గది ఒకటో ప్రశ్న" అంటాడు. అలా పది ప్రశ్నలకు పది బ్రాకెట్లు పెట్టిస్తే పాఠం అయిపోయినట్టు. బ్రాకెట్ల లోపలున్నది బట్టీ పట్టాలి. బయట ఉన్నదంతా కాగితం ఖాళీగా ఉంటే బాగుండదని అచ్చు వేశారని మా పిల్లల నమ్మకం. పై క్లాసువాళ్ల దగ్గర దొరికే గీతలు గీసిన పాత పుస్తకానికి మా బడిలో కొత్త పుస్తకం కన్నా గిరాకీ ఎక్కువ.

నా పేరు పరమేష్. ఈ బడిలో తెలుగు సార్‌ని. ఇబ్రహీంపట్నం బస్టాండుకు కూతవేటు దూరంలో మూడంతస్తుల మేడ మాది. ఇంగ్లీషు మీడియం. అంటే ప్రశ్న ఇంగ్లీషులో ఉంటుంది, జవాబు ఇంగ్లీషులో ఉంటుంది, అర్థం మాత్రం ఏ భాషలోనూ ఉండదు. ఎవరైనా పిల్లవాడు లెక్కల్లో ప్రశ్నే చదవలేక నోరు తెరిస్తే లెక్కల సార్ పట్టాభిరామయ్యగారు నా వైపు తిరుగుతారు. "చదవడం మీరు నేర్పితే కదండీ, లెక్క నేను నేర్పేది!" అంటారు. సైన్సులో చదవలేకపోయినా నా తప్పే, సోషల్లో రాయలేకపోయినా నా తప్పే. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. మా బడిలో ఆ మద్దెలను నేను.

మా కరస్పాండెంట్ అమరేందర్‌కు శేరిగూడ వైపు వెంచర్లున్నాయి. బడి కూడా ఆయనకొక వెంచరే. ప్లాటు అమ్మాలంటే ముందు గేటు కట్టాలి, బడి నడవాలంటే బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టాలి. ప్రతి ఎండాకాలం ఆ ఫ్లెక్సీ మీద పదో తరగతి ఫలితం నూటికి నూరు శాతం అని ఉంటుంది. అబద్ధం కాదు, నిజమే. ఎలా వస్తుందో నేను చెబుతాను. పాసవుతాడో లేదో అని అనుమానం ఉన్న పిల్లవాడిని తొమ్మిదో తరగతి చివరే పిలిచి, చేతిలో టీసీ పెట్టి, "ఓపెన్ స్కూల్ల కట్టుకో బిడ్డా, నీకు గదే మంచిది" అంటారు. పదిలో మిగిలేది పాసయ్యేవాళ్లే. రాళ్లన్నీ ఏరిపారేసి, మా బియ్యంలో రాళ్లే ఉండవని చెప్పుకోవడం లాంటిది ఇది.

ఆ ఏడు ఆ రాళ్లలో మొదటి పేరు సింధుది.

సింధు తల్లి పోశమ్మ మార్కెట్లో చేపలు అమ్ముతుంది. కూతురు ఇంగ్లీషులో చదవాలని ఆమె పట్టుదల. పిల్ల తెలివితక్కువది కాదు. దాని రోగం వేరే. బ్రాకెట్ల బయట కూడా చదువుతుంది. ఇంగ్లీషు మాట అడ్డం పడితే ఆగి, వెనక్కి పోయి, మళ్లీ చదివి, అర్థమయ్యేదాకా వదలదు. అర్థమయ్యాక తన మాటల్లో రాస్తుంది. మా బడిలో ఇంతకన్నా పెద్ద నేరం లేదు.

మొదటి యూనిట్ టెస్టులో సైన్సు ప్రశ్న ఒకటి వచ్చింది. నీళ్లు త్వరగా ఆవిరి కావడమనేది దేనిదేని మీద ఆధారపడుతుంది అని. క్లాసంతా బ్రాకెట్ అప్పజెప్పింది. సింధు తన వచ్చీరాని ఇంగ్లీషులో ఇంట్లో చేపలు ఎండబెట్టే సంగతి రాసింది. కుప్పగా పోస్తే ఎండవని, దూరం దూరంగా పరిస్తే ఎండుతాయని, గాలి ఉంటే ఇంకా త్వరగా ఎండుతాయని, మబ్బు పడితే ఎండవని. పుస్తకం చెప్పిందీ సరిగ్గా అదే. దేవేందర్ ఆ జవాబుకు సున్నా వేసి, పక్కన ఎర్ర సిరాతో రాశాడు, "ఎండు చేపలు సిలబస్‌లో లేవు" అని.

పేపరు పట్టుకుని స్టాఫ్‌రూంలో అడిగాను. "దేవేందరూ, ఇందులో తప్పేముంది?"

"తప్పు లేదన్నా. కానీ జవాబు కూడా లేదు. నేను పెట్టిచ్చిన బ్రాకెట్ ఏడుంది?"

"అర్థం చేసుకుని రాసింది కదయ్యా!"

"అర్థం చేసుకున్నదానికి పరీక్షల మార్కుల కాలమ్ ఏడ లేదన్నా. జర నువ్వే సమజ్ చేస్కో" అని సంచి సర్దుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడితో ఎంతసేపు వాదించను?

వానాకాలంలో మా కరస్పాండెంట్ హైదరాబాద్‌లో ఏదో పెద్ద హోటల్లో బడి యజమానుల మీటింగుకు పోయి వచ్చాడు. వచ్చిన మర్నాడే మమ్మల్నందరినీ కూర్చోబెట్టాడు. "ఇగ నుంచి మన బడిల ప్రతి సారు చదువుడు, రాసుడు నేర్పాలె. తెలుగు, ఇంగ్లీషే కాదు. లెక్కల సారు లెక్కల్ల నేర్పాలె, సైన్స్ సారు సైన్స్‌ల నేర్పాలె. గిదే ఇప్పుడు నడుస్తుంది" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన నోట మంచి మాట విన్నాను. ఆయనకు అది మంచిదని తెలియదు, నడుస్తోందని మాత్రమే తెలుసు.

పట్టాభిరామయ్యగారికి కోపం వచ్చింది. "నేను లెక్కలు చెప్పుకోనా, అక్షరాలు దిద్దించనా అండీ?" అన్నారు. దేవేందర్‌కు మాత్రం ఏ దిగులూ లేదు. "దాంట్లేముంది? చదువుడుకు ఒక రంగు పెన్సిల్, రాసుడుకు ఒక రంగు పెన్సిల్ పెట్టిస్త" అన్నాడు. అన్నట్టుగానే పెట్టించాడు. తొమ్మిదో తరగతి పుస్తకాలు ఎర్ర, పచ్చ బ్రాకెట్లతో బతుకమ్మల్లా తయారయ్యాయి.

తర్వాత శ్రీలేఖ అనే ట్రైనర్ మేడం వచ్చింది. కరస్పాండెంటే హైదరాబాద్ నుంచి పిలిపించాడు. ఆమె ముందు మా సార్లు కొత్త పద్ధతిలో పాఠం చెప్పి చూపించాలి. దేవేందర్ వారం ముందు నుంచీ అదే పాఠం, అవే ప్రశ్నలు పిల్లలతో తిప్పించి తిప్పించి పెట్టుకున్నాడు. ఆ రోజు తొమ్మిదో తరగతి గదిలో వెనక గోడకు ఆనుకుని సార్లందరం నిలబడ్డాం. కరస్పాండెంట్ ఫోన్ పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు.

ఆమె దేవేందర్‌ను పాఠం మొదలుపెట్టనివ్వలేదు. "మీ పుస్తకాలు మూసేయండి" అని పిల్లలకు తలా ఒక జిరాక్స్ కాగితం పంచింది. విషయం వాళ్లు చదివిందే, ఆవిరి కావడం గురించే. కానీ వేరే పుస్తకంలోది. మీద ఒక్క గీత లేదు. దేవేందర్ ముఖం అప్పుడు చూడాల్సింది. చేతిలో పెన్సిలు పట్టుకుని ఆ కాగితాల వైపు ఆకలిగా చూశాడు.

ముందు వరసలో ఫణి లేచాడు. మా బడి టాపర్. వాళ్ల నాన్న శేరిగూడలో ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పిల్లవాడు కాగితం అందుకుని గడగడా చదివేశాడు. కరస్పాండెంట్ చప్పట్లు కొట్టబోయాడు.

"బాగా చదివావు నాన్నా. ఇప్పుడు ఇందులో ఏం చెప్పారో నీ మాటల్లో చెప్పు" అంది ఆమె.

ఫణి కాగితం తిప్పి చూశాడు. వెనక వైపు కూడా చూశాడు. "మేడం, బ్రాకెట్ లేదు" అన్నాడు.

"అంటే?"

"ఆన్సర్ ఎక్కడ మొదలవుతుందో తెలీట్లేదు మేడం."

నాకు నవ్వు ఆగక కిటికీ వైపు తిరిగాను. వెనక నుంచి దేవేందర్ గుసగుసగా "రెండో లైను కాడికెల్లి" అని అందిస్తున్నాడు. పాపం, ఆ కాగితం ఆయన కూడా చదవలేదు, రెండో లైనులో బొమ్మ పేరు ఉంది.

చివరి బెంచీలో సింధు చేయి ఎత్తింది. "నేను చెప్పాల్నా మేడం? తెలుగుల చెప్పొచ్చా?"

"చెప్పమ్మా."

"మా అమ్మ అమ్మంగ మిగిలిన చిన్న చాపలు మిద్దె మీద ఎండేస్తది. కుప్పగ పోస్తే ఎండవు. దూరం దూరం పరిస్తే జల్ది ఎండుతయి. గాలి కొట్టిన రోజు ఇంక జల్ది. మబ్బు పట్టిన రోజు ఎండవు, వాసనొస్తయి. గీ కాయితంల గదే ఉంది మేడం. చాపలని రాయలే, గంతే."

శ్రీలేఖ మేడం ఆ పిల్ల దగ్గరికి వెళ్లి భుజం తట్టింది. "చూశారా సార్, చదవడమంటే ఇదే" అంది మా వైపు తిరిగి. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఎవరనుకున్నారు? మా దేవేందరే. ఎర్ర సిరాతో సున్నా వేసిన చేతులవి. సాయంత్రానికి కరస్పాండెంట్ వాట్సాప్ స్టేటస్‌లో సింధు మాట్లాడుతోంది. "ఇసొంటి పిల్లను ఓపెన్‌కు పంపుతరా ఎవరన్న?" అని నన్నే గద్దించాడు, పంపుదామన్నది నేనైనట్టు. నాకు కోపం రాలేదు. సంతోషంగా ఉంది. ఆ పిల్ల బతికిపోయిందనుకున్నాను.

మర్నాడు పదింటికి ఆ గది ముందు నుంచి పోతూ ఆగిపోయాను. బోర్డు మీద దేవేందర్ పొడవుగా ఏదో రాసి ఉంచాడు. పిల్లలు వంచిన తల ఎత్తకుండా ఎక్కించుకుంటున్నారు. "మై మదర్ డ్రైస్ ఫిష్" అని మొదలైంది. సింధు చెప్పిన జవాబే, ఇంగ్లీషులోకి మారి వచ్చింది. కొత్త బ్రాకెట్ దొరికింది.

"గిది ఇంపార్టెంట్. ట్రైనర్ మేడం మెచ్చుకున్న ఆన్సర్. ఒక్క ముక్క అటు ఇటు కావద్దు" అంటున్నాడు. మేడం మెచ్చుకున్నది జవాబును కాదురా బాబూ, ఆ పిల్ల చదివిన తీరును అని అరవాలనిపించింది. అరిచినా ఏం లాభం? వేలు పెట్టి చందమామను చూపిస్తే వేలుకు బ్రాకెట్ పెట్టే మనిషి.

పైగా హడావిడిలో తప్పు కూడా రాశాడు. మబ్బు పట్టిన రోజు చేపలు త్వరగా ఎండుతాయని. ఇంటర్వెల్‌లో పిలిచి చెప్పాను.

"అవ్, చూసిన" అన్నాడు తాపీగా. "పిల్లలు రాసేసుకున్నరన్నా. ఇప్పుడు మార్చితే కన్‌ఫ్యూజ్ అయితరు. ఉండనియ్."

రెండు రోజుల తర్వాత ఫణి వాళ్లమ్మ కోటేశ్వరిగారు బడికి వచ్చారు. "ఏమండీ, మా ఇంట్లో గుడ్డు కూడా వండం. వాడు రాత్రంతా 'మా అమ్మ చేపలు ఎండబెడుతుంది, మా అమ్మ చేపలు ఎండబెడుతుంది' అని బట్టీ పడుతుంటే మా అత్తగారు అన్నం మానేసి కూర్చున్నారండీ!" అన్నారు.

దేవేందర్ చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు. "మేడం, అది పరీక్షల వచ్చే ఆన్సర్. అట్లనే రాస్తే ఫుల్ మార్కులు."

ఆవిడ చీర కొంగు సర్దుకున్నారు. "ఫుల్ మార్కులు పడతాయా?"

"గ్యారంటీ మేడం."

"అయితే సరేనండీ. మా అత్తగారికి నేను చెప్పుకుంటాను" అని, పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "ఏ చేపలో కూడా రాయాలా?" అని అడిగారు.

అర్ధ సంవత్సర పరీక్షలొచ్చాయి. ఆవిరి ప్రశ్న వచ్చింది, ఉదాహరణతో వివరించమని. రాకేం చేస్తుంది, ప్రశ్నపత్రం రాసింది దేవేందరే. క్లాసులో పిల్లలందరి తల్లులూ చేపలు ఎండబెట్టారు. కిరాణా కొట్టు వాళ్లమ్మ, కండక్టరు వాళ్లమ్మ, ఫణి వాళ్లమ్మ కూడా. అందరి ఇళ్ల మీదా మబ్బు పట్టగానే చేపలు గలగలా ఎండిపోయాయి. ఒక్క పోశమ్మ మాత్రం ఎండబెట్టలేదు.

సింధు తన యూనిఫాం గురించి రాసింది. వానకు తడిసిందని, ఫ్యాను కింద వేస్తే చొక్కా ఆరింది కానీ మడత పడిన జేబు ఆరలేదని, మబ్బు వల్ల మర్నాడు కూడా ఆ జేబు తడిగానే ఉందని. చదువుతుంటే నాకు గర్వంగా అనిపించింది. పాఠం దాని ఒంటి మీదికే వచ్చింది. దేవేందర్ మళ్లీ సున్నా వేశాడు. తన మాటల్లో రాసిన మిగతా జవాబులకూ అంతే.

"ఈసారేమిటయ్యా?"

"చాపలు ఏవన్నా? క్లాసంత చాపలు రాసింది. గిదొక్కతే బట్టలు రాసింది. ఆన్సర్ కీల బట్టలు లేవు."

"ఆ కీ ఎవరు రాశారు?"

"నేనే."

"ఎక్కడి నుంచి వచ్చింది నీకు?"

కొంచెం ఆలోచించాడు. దాచుకోవాల్సిందేమీ ఆయనకు కనిపించలేదు. "గా పిల్ల చెప్పిందే. అయితే ఏంది? చెప్పినట్టు రాయాలె గదా. పైంగ మబ్బుకు ఆరలే అని రాసింది. మన ఆన్సర్‌ల ఆరుతదని ఉంది."

నా ఒళ్లు మండిపోయింది. పేపరు తీసుకుని నేరుగా కరస్పాండెంట్ గదికి పోయాను. ఆయన ఎవరితోనో ప్లాటు హద్దుల గురించి ఫోన్లో మాట్లాడుతున్నాడు. పెట్టేశాక అంతా చెప్పాను. ఓపికగానే విన్నాడు. "పరమేషూ, నువ్వు పద్యాలు చెప్పుకో. సైన్స్ నీకెందుకు?" అన్నాడు.

"ప్రతి సారూ చదవడం నేర్పాలన్నది మీరే కదా సార్."

"అవ్, అన్న. గది అయిపోయింది గదా. వీడియో కూడా పెట్టిన" అన్నాడు. మళ్లీ ఫోను మోగింది.

పోశమ్మను పిలిపించారు. మార్కెట్ నుంచి అట్లాగే వచ్చింది, చేతులు కడుక్కున్నా వాసన పోలేదు. కరస్పాండెంట్ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. "చూడమ్మా, నీ బిడ్డ సైన్స్‌ల రెండుసార్లు ఫెయిలైంది. పదోతరగతి ఈడ కష్టం. ఓపెన్‌ల కట్టుకోండ్రి" అన్నాడు.

"ఏం రాయలే సారూ మా పిల్ల?"

దేవేందర్ జవాబు చెప్పాడు. "ఎండు చాపల గురించి రాయలేదమ్మా."

పోశమ్మ ఆయన ముఖంలోకి, నా ముఖంలోకి మార్చి మార్చి చూసింది. ఎగతాళి చేస్తున్నామని అనుకుని ఉంటుంది. ఎవరూ నవ్వకపోయేసరికి బిడ్డ వైపు తిరిగింది. "అందరు రాస్తే నువ్వెందుకు రాయలేదే?"

"అందరు రాస్తరు గదా అనే రాయలేదమ్మా. గది చెప్పిన ముచ్చటే. ఇంకోటి ఎరికైంది, గది రాసిన" అంది సింధు మెల్లగా.

"ఇంకోటి ఎవరడిగిండ్రే నిన్ను?" పోశమ్మ గొంతు పగిలింది. "నేను గీ వాసనల సచ్చేది నువ్వు ఇంకోటి రాయడానికా? రేపటిసంది సారు గీసిన కాడికే సదువు. గీత దాటినవా, నాతోని గంప ఎత్తుకో." తర్వాత కరస్పాండెంట్‌కు దండం పెట్టింది. "ఒక్క పరీక్ష సూడు సారూ. రాస్తది. నేను రాపిస్త."

అడ్డం పడి చెప్పాను. పిల్ల తప్పు చేయలేదమ్మా, ఆమె రాసిందే సరైనదని. పోశమ్మ నన్ను ఒక్క మాటతో కూర్చోబెట్టింది. "నువ్వు మంచోనివే సారూ. మార్కులు నీ చేతుల ఉన్నయా?" అంది. లేవు. నేను ఏ బ్రాకెట్లోనూ లేను.

వార్షిక పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు దేవేందర్ నవ్వుతూ నా బల్ల మీద ఒకటి పెట్టాడు. "చూడన్నా, దారికొచ్చింది." సింధు చేతిరాత. "మై మదర్ డ్రైస్ ఫిష్." ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు. మబ్బు పట్టిన రోజు చేపలు త్వరగా ఎండుతాయి అని కూడా ఉంది. పుట్టినప్పటి నుంచీ మిద్దె మీద చేపలు తిరగేసిన పిల్ల అది రాసింది. దేవేందర్ ఫుల్ మార్కులు వేసి, కింద "వెరీ గుడ్" అని రాశాడు, అదే ఎర్ర సిరాతో. నేను ఆ పేపరు తిరిగి ఇచ్చేశాను. ఏడుపు వచ్చింది. చెప్పడానికి సిగ్గేమీ లేదు, నిజంగానే వచ్చింది.

సింధు మా బడిలోనే పదోతరగతికి వచ్చింది. టీసీ ఇవ్వలేదు. వచ్చే ఎండాకాలం ఫ్లెక్సీ మీద తన ఫొటో కూడా ఉండొచ్చని కరస్పాండెంట్ అన్నాడు. పోశమ్మ నాకు దారిలో కనిపించి దండం పెట్టింది.

జూన్‌లో బడి తెరిచిన మొదటి తెలుగు క్లాసు రోజు తొలి వాన పడింది. పిల్లలంతా కిటికీల వైపే చూస్తున్నారు. పాఠం చెప్పబుద్ధి కాలేదు. "పుస్తకాలు మూసేయండి. బయట ఏం కనబడుతోందో, మీకేమనిపిస్తోందో రాయండి. ఎవరి మాటల్లో వాళ్లు" అన్నాను. నా కళ్లు సింధు మీదే ఉన్నాయి. ఇంకెవరు రాసినా రాయకపోయినా ఆ పిల్ల రాస్తుందని నా ఆశ.

సింధు పుస్తకం మూయలేదు. డబ్బాలోంచి పెన్సిలు తీసి, మొన జాగ్రత్తగా చెక్కుకుని, చేయి ఎత్తింది.

"ఎక్కడికెల్లి ఎక్కడిదాంక సార్?"